పేస్‌మేకర్, ఇన్సులిన్ పంప్, కృత్రిమ కాలు ఉన్నవాళ్ల ఎయిర్‌పోర్ట్ చెకింగ్: మీ అనుభవాలు చెప్పండి

హన్మకొండ_కొడుకు
అందరికీ నమస్కారం. మా అమ్మకు పోయిన ఏడు పేస్‌మేకర్ వేశారు. షుగర్ కూడా ఉంది, రోజూ ఇన్సులిన్ పెన్ వాడుతుంది. వచ్చే నెల శంషాబాద్ నుంచి దోహా మీదుగా డల్లాస్‌లో ఉన్న మా అక్క దగ్గరికి ఒక్కతే వెళ్లాలి. తెలుగు తప్ప వేరే భాష రాదు. మెటల్ డిటెక్టర్ గేటు దాటితే గుండెలో మిషన్ ఆగిపోతుందని మా వాడకట్టులో ఎవరో అన్నారట. అప్పటి నుంచి ఒకటే టెన్షన్, టికెట్ క్యాన్సిల్ చెయ్యమంటోంది. ఇంట్లో ఇలాంటివాళ్లు ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

కాజీపేట_అక్క
తమ్ముడూ, ముందు అమ్మకు ధైర్యం చెప్పు. గేటు దాటితే పేస్‌మేకర్ ఆగదు. మా బాపుకు కూడా ఉంది, ఏటా మా అన్న దగ్గరికి విమానంలోనే వెళ్లొస్తాడు. మామూలు నడకతో దాటిపోవాలి, అంతే. గేటు మధ్యలో నిలబడొద్దు, దానికి ఆనుకోవద్దు.

అసలు జాగ్రత్త పడాల్సింది చేతిలో పట్టుకుని ఒంటి మీద తిప్పే డిటెక్టర్ దగ్గర. మన దేశంలో గేటు మోగినా మోగకపోయినా అందరినీ దానితో చూస్తారు. ఆడవాళ్లకు పరదా కట్టిన చిన్న గది ఉంటుంది, లోపల సీఐఎస్ఎఫ్ (ఎయిర్‌పోర్ట్ భద్రత చూసే కేంద్ర బలగం) మహిళా సిబ్బంది ఉంటారు. ఆమె డిటెక్టర్ ఎత్తకముందే అమ్మ చెప్పెయ్యాలి. దాన్ని పేస్‌మేకర్ మీద పెట్టి ఉంచకూడదు, అక్కడక్కడే పదే పదే తిప్పకూడదు. అయస్కాంత ప్రభావం మరీ దగ్గరగా, ఎక్కువసేపు ఉంటే పేస్‌మేకర్ పనితీరు కాసేపు మారొచ్చు. దూరం జరిపితే మళ్లీ మామూలే. చేత్తో తడిమి చూడమని అడిగే హక్కు మనకు ఉంది.

ఆపరేషన్ తర్వాత ఇచ్చిన కార్డు ఉంటుంది కదా, కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబర్ ఉన్నది. అది హ్యాండ్‌బ్యాగ్‌లో వద్దు. బ్యాగ్ ట్రేలో పెట్టి ఎక్స్‌రేలోకి పంపేశాక కార్డు అమ్మకు అందదు. బోర్డింగ్ పాస్‌తో కలిపి చేతిలోనే ఉండాలి. సిబ్బందిలో చాలామంది వేరే రాష్ట్రాలవాళ్లు. అందుకని ఒక్క ముక్క నేర్పించు: "దిల్ మే పేస్‌మేకర్ హై, హాథ్ సే చెక్ కీజియే." మా బాపు హిందీ ఎన్నడూ మాట్లాడినవాడు కాదు. కార్డు చూపిస్తూ ఈ మాట అంటే చాలు, పని అయిపోతుంది.

పరకాల_పెద్దన్న
వీల్‌చైర్ పెట్టించు తమ్మీ. అమ్మ నడవగలిగినా సరే. మనల్ని లోపలికి రానివ్వరు, వీల్‌చైర్ తోసే మనిషి మాత్రం చెకింగ్ నుంచి విమానం దాకా వెంట ఉంటాడు. దోహాలో దిగి మారేటప్పుడు కూడా అక్కడి మనిషి వస్తాడు. అక్కడ మళ్లీ సెక్యూరిటీ చెకింగ్ ఉంటుంది, కార్డు లోపల పెట్టేయొద్దని చెప్పు. ఎయిర్‌లైన్స్‌కు 48 గంటల ముందే చెప్పి పెట్టండి.

మానుకోట_రవాణా
బాడీ స్కానర్‌లో నిలబెడితే ఎక్స్‌రే పడుతుందంటారు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు అది మంచిదేనా?

నర్సంపేట_ఎక్స్‌రే
నేను రోజూ చేసే పనే కాబట్టి చెప్తాను. ఎక్స్‌రే ఉండేది బ్యాగులు పోయే మిషన్‌లో. మనిషి చేతులెత్తి నిలబడే ఇప్పటి స్కానర్లలో ఎక్కువ భాగం మిల్లీమీటర్ వేవ్ రకం, అంటే రేడియో తరంగాలు. ఎక్స్‌రే వాడే రకాన్ని అమెరికా ఎయిర్‌పోర్టుల్లో 2013లోనే తీసేశారు. పేస్‌మేకర్‌కు ఆ తరంగాలతో ఇబ్బంది లేదు. గుండెకు స్టెంట్ వేసినవాళ్లు కూడా అడుగుతుంటారు, వాళ్లకు గేటు దగ్గర కూడా భయం అక్కర్లేదు.

భయపడాల్సింది మనం పట్టించుకోని చోట ఉంది. వెనక అయస్కాంతం ఉన్న కొత్త ఫోన్లు పేస్‌మేకర్‌కు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఆపిల్ కంపెనీ కూడా తన ఐఫోన్ల గురించి ఇదే చెప్తుంది. అమ్మగారు ఫోన్‌ను జాకెట్‌లో దోపుకునే అలవాటుంటే మాన్పించండి.

కరీంనగర్_నాన్న
మా పాపకు టైప్ 1 షుగర్. ఇన్సులిన్ పంప్ ఉంది, చేతికి షుగర్ చూసే సెన్సర్ ఉంది. పేస్‌మేకర్ సంగతి వేరు, వీటి సంగతి వేరు. చాలా పంపుల పుస్తకాల్లో ఉండేది ఇదే: మెటల్ డిటెక్టర్ పర్వాలేదు, బ్యాగుల ఎక్స్‌రేలోకి మాత్రం పంపొద్దు, బాడీ స్కానర్‌లోకి పెట్టుకుని పోవద్దు. సెన్సర్ల విషయంలో ఒక్కో మోడల్‌కు ఒక్కో మాట ఉంది. అందుకే కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ పేజీ ప్రింట్ తీసుకుని వెళ్లండి.

మేము ఎలా చేస్తామంటే, స్పేర్ పంపును, స్పేర్ సెన్సర్లను పారదర్శకమైన కవర్లో వేసి విడిగా ఇస్తాం, చేత్తో చూడమంటాం. ఒంటి మీద ఉన్న పంపును పాప తనే చేత్తో పట్టుకుంటుంది. తర్వాత ఆ అరచేతుల్ని చిన్న తెల్లగుడ్డ ముక్కతో తుడిచి మిషన్‌లో పెడతారు. పేలుడు పదార్థాల ఆనవాళ్లు ఉన్నాయేమో చూసే పరీక్ష అది. పచ్చ లైటు వెలిగేదాకా పాప ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఒకసారి ఒకచోట సూపర్‌వైజర్ వచ్చేదాకా మమ్మల్ని పక్కన నిలబెట్టారు, పాప షుగర్ పడిపోతున్నా కదలనివ్వలేదు. అప్పటి నుంచి గ్లూకోజ్ బిళ్లలు బ్యాగులో కాదు, పాప గౌను జేబులోనే ఉంటాయి. పిల్లలున్నవాళ్లు ఈ ఒక్కటి మర్చిపోవద్దు.

అన్నా, మీ అమ్మగారి ఇన్సులిన్ గురించి. చెక్‌-ఇన్ సూట్‌కేసులో అస్సలు పెట్టొద్దు. కింద సామాన్ల గదిలో చల్లదనానికి గడ్డకట్టొచ్చు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు, పారెయ్యాల్సిందే. ఎక్స్‌రేతో ఇన్సులిన్‌కు ఏమీ కాదు. 100 మిల్లీలీటర్ల రూలు మందులకు వర్తించదు, కాకపోతే ప్రిస్క్రిప్షన్ మీద పేరు, పాస్‌పోర్ట్ మీద పేరు ఒకటే ఉండాలి. మన దగ్గర ఇంటిపేరు ముందా వెనకా అని తేడాలొస్తాయి, డాక్టర్‌తో పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయించండి.

గోదావరిఖని_నిద్ర
నిద్రలో ఊపిరి సరిగా ఆడటానికి సీపాప్ మిషన్ వాడేవాళ్లకు ఒక మాట: నీళ్ల ట్యాంక్ ఖాళీ చేసి, మిషన్‌ను శుభ్రమైన ప్లాస్టిక్ కవర్లో పెట్టి ట్రేలో పెట్టండి. అందరి చెప్పులు పెట్టే ట్రేలు అవి. స్పేర్ లిథియం బ్యాటరీలు క్యాబిన్‌లోనే ఉండాలి.

వరంగల్_టీచర్
నాకు మోకాలి కింద నుంచి కృత్రిమ కాలు. ఒక ఎయిర్‌పోర్ట్‌లో లైన్లో అందరి ముందు కాలు విప్పి ట్రేలో పెట్టమన్నారు. వెనకే మా స్కూల్ పిల్లల వయసువాళ్లు నిలబడి ఉన్నారు. ఆ నాలుగు నిమిషాలు ఎలా గడిచాయో నాకే తెలుసు. నటి, నర్తకి సుధా చంద్రన్ 2021 అక్టోబర్‌లో ఇదే బాధ చెప్పుకుంటూ వీడియో పెడితే సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. అదే ఏడు డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, మనిషి గౌరవం కాపాడాలంటే కృత్రిమ కాళ్లు, చేతులు తీయమని అడగకూడదని చెప్పింది. ఆ వార్త కాపీ నా ఫోన్‌లో ఎప్పుడూ ఉంటుంది. ఇప్పుడు ముందే ప్రైవేట్ గది అడుగుతాను, గుడ్డముక్కతో తుడిచి పరీక్ష చేయమంటాను. గొంతు పెంచను, కానీ తగ్గను. మోకాలి చిప్ప మార్పించుకున్నవాళ్లు కూడా అంతే. గేటు మోగుతుంది, డిశ్చార్జ్ కాగితం చూపించండి, బతిమాలాల్సిన పని లేదు.

జగిత్యాల_గల్ఫ్
పరికరాల గురించి అందరూ చెప్పారు, మందుల గురించి నేను చెప్తా. దుబాయ్ పోయేవాళ్లు నొప్పులకు ట్రమడాల్, నరాలకు ప్రీగాబలిన్ లాంటివి ఊరికే జేబులో వేసుకుని పోవద్దు. అక్కడ అవి కంట్రోల్డ్ మందులు. అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందే అనుమతి తీసుకోవాలి. ఇంటి నుంచి మసాలాలో గసగసాలు కట్టి ఇస్తారు, అవీ వద్దు.

హన్మకొండ_కొడుకు
అందరికీ దండాలు. మొత్తం అమ్మకు చదివి వినిపించాను, హిందీ మాట నేర్చుకుంటోంది. ఇంకొకటి అడుగుతోంది: డల్లాస్‌లో దిగినాక మళ్లీ ఒళ్లు తడుముతారా?

కాజీపేట_అక్క
అక్కడే దిగిపోతుంది కాబట్టి ఇమిగ్రేషన్, కస్టమ్స్ మాత్రమే. స్కానర్ సంగతి తిరిగొచ్చేటప్పుడు ఉంటుంది. తిరుగు ప్రయాణానికి 72 గంటల ముందు మీ అక్కను టీఎస్ఏ కేర్స్‌కు (అమెరికా ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ వాళ్ల సహాయ నంబర్) ఫోన్ చెయ్యమను, ఇలాంటివాళ్లకు చెకింగ్ దగ్గర సాయం అడగొచ్చు. పేస్‌మేకర్ ఉంది, చేత్తో తడిమి చూడండి అని ఇంగ్లీషులో ఒక చీటీ మీద రాసి అమ్మ కార్డు వెనక అంటించమను.