తమ్ముడు శిష్యత్వ ట్రైనింగ్‌కి వెళ్ళాడు, ఇంటికి ఫోన్ చేయాలన్నా పర్మిషన్ కావాలట. ఇది మామూలేనా?

రాజోలు అక్క:

అందరికీ వందనాలు. మా పుట్టిల్లు పాలకొల్లు దగ్గర, నన్ను రాజోలు వైపు ఇచ్చారు. మతం మీద గొడవ పెట్టుకోవడానికి రాయట్లేదని ముందే చెప్తున్నా. మాది మూడు తరాలుగా బ్రదరన్ అనే క్రైస్తవ శాఖకి చెందిన కుటుంబం, 1830లలో మిషనరీలు బౌడెన్ దొర, బీర్ దొర నరసాపురం వచ్చిన కథ మా తాతయ్య ఆదివారం అన్నాల దగ్గర చెప్పేవారు.

తమ్ముడికి 22. భీమవరంలో డిగ్రీ అయ్యాక జూన్‌లో రాజమండ్రి అవతల ఒకచోట తొమ్మిది నెలల శిష్యత్వ ట్రైనింగ్‌లో, అంటే అక్కడే ఉండి క్రీస్తు శిష్యుడిగా బతకడం నేర్చుకునే దాంట్లో చేరాడు. మొదట్లో మేమూ సంతోషించాం. అర్ధరాత్రి దాకా ఫోన్ పట్టుకు కూర్చునేవాడు, తెల్లారి నాలుగింటికి లేచి ప్రార్థన చేస్తున్నాడంటే అమ్మకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఇప్పుడు నాకు టెన్షన్‌గా ఉంది. ఫోన్ చేరిన రోజే తీసేసుకున్నారు. ఆదివారం సాయంత్రం పావుగంట ఇస్తారు, అదీ స్పీకర్‌లో, పక్కన వాళ్ళ లీడర్ అన్న. అమ్మ ఏదడిగినా ఒక్క క్షణం ఆగి జవాబు చెప్తాడు, అప్పుడు ఎవరి మొహం చూస్తున్నాడో నాకు తెలుస్తూనే ఉంటుంది. రోజూ రాత్రి ఆ రోజు చేసిన పాపాలు, మనసులో వచ్చిన ఆలోచనలు నోటుబుక్కులో రాసి లీడర్‌కి ఇవ్వాలట. టెన్త్ నుంచి డిగ్రీ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ దగ్గరే ఉన్నాయి. సెప్టెంబర్‌లో నాన్నకి కాకినాడలో స్టెంట్ వేస్తే, ఇంకో కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వచ్చి నాలుగు గంటలు ఉండి వెళ్ళిపోయాడు. లిఫ్ట్ దగ్గర ఆపి అడిగితే "నాగటి మీద చెయ్యి పెట్టాక వెనక్కి చూడకూడదక్కా" అన్నాడు. వాక్యం నాకూ తెలుసు, కానీ మావాడు అలా మాట్లాడే మనిషి కాదు.

ఇప్పుడేమో ఇంకో ఏడాది ఉండమని ప్రభువు చూపిస్తున్నాడట. పోయిన వారం నాన్న కొబ్బరితోటలో తన వాటా ఎంతని కూడా అడిగాడు. మా ఆయనైతే "ఇంటర్ హాస్టళ్ళలో మాత్రం ఫోన్ ఇస్తారా" అని తేల్చేశారు. అనవసరంగా భయపడుతున్నానా?

అమలాపురం కుర్రాడు:

అక్కా, నేను ఏడాది చేశాను, మీవాడు వెళ్ళిన చోటు కాదులెండి, వేరేది. అంతా చెడ్డదని చెప్పను. బైబిల్ మొదటిసారి మొత్తం చదివింది అక్కడే, వందమందికి వంట చేయడం నేర్చుకుందీ అక్కడే, ఇప్పటికీ మా ఇంట్లో సాంబారు నాదే.

నన్ను పాడుచేసింది ఆ నోటుబుక్కు. ఒక అమ్మాయి గురించి మనసులో ఉన్నది రాశాను. రెండ్రోజుల తర్వాత ప్రార్థనలో లీడర్ "చూపులతో పోరాడుతున్న ఒక సహోదరుడి కోసం" అని మొదలుపెట్టాడు, పేరు చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది, అందరూ కళ్ళు మూసుకునే నా వైపు తిరిగారు. ఆ తర్వాత ఏం రాయాలన్నా భయం. ఖాళీ పేజీ ఇస్తే గర్వం అంటారు. అందుకని చేయని పాపాలు కూడా రాసేవాణ్ణి. ఒకరోజు ఏమీ తోచక పక్కవాడి గుడ్డు మీద ఆశపడ్డానని రాశాను, దానికి ఒక పూట ఉపవాసం ఉండమన్నారు. ఇప్పుడు నవ్వొస్తుంది కానీ ఆ రోజు నిజంగానే ఏడ్చాను.

ఏదైనా ప్రశ్న అడిగితే తిరుగుబాటు ఆత్మ. ఇంటికెళ్తానంటే "కవరింగ్ కిందనుంచి బయటికి పోతున్నావు, ఏం జరిగినా మా బాధ్యత లేదు" అంటారు. కవరింగ్ అంటే లీడర్ మనకి గొడుగు, ఆ గొడుగు దాటితే సాతానుకి దొరికిపోతామని. నేను వచ్చేశాక అక్కడి స్నేహితులు ఒక్కరు కూడా ఫోన్ ఎత్తలేదు, రెండేళ్ళు మందిరం గడప తొక్కలేదు నేను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను, ఆ పావుగంటలో "కల్ట్", "మోసం" లాంటి మాటలు అనొద్దు. లోకం మిమ్మల్ని హింసిస్తుందని వాళ్ళకి ముందే చెప్పి ఉంచుతారు, మీరు తిడితే వాళ్ళ మాట నిజమైనట్టు అవుతుంది. తోటలో కొబ్బరికాయల దింపు ఎంత పడింది, ఎవరింట్లో పెళ్ళి, కుక్క ఎవర్ని కరిచింది, ఇలాంటివి చెప్పండి. నాకు రావాలనిపించింది మా అమ్మ నా మంచం మీద కొత్త దుప్పటి వేశానని చెప్పిన రోజు.

ధవళేశ్వరం మాస్టారు:

అమ్మా, నలభై ఏళ్ళుగా సంఘ పెద్దగా ఉన్నాను, ఇలాంటి ఇళ్ళు కొన్ని చూశాను. తల్లిదండ్రుల్ని దూరం పెట్టడానికి, నాకంటే తల్లినిగానీ తండ్రినిగానీ ఎక్కువ ప్రేమించేవాడు నాకు తగడు అని ప్రభువు అన్న మత్తయి 10:37 చూపిస్తారు. మార్కు 7వ అధ్యాయం మాత్రం చూపించరు. తల్లిదండ్రులకు అందాల్సిన సాయాన్ని "కొర్బాను", అంటే దేవార్పితం అని పేరు పెట్టి ఎగ్గొట్టేవాళ్ళను ప్రభువే గట్టిగా గద్దించాడు. గుండెకి స్టెంట్ పడిన తండ్రి దగ్గర నాలుగు గంటలే ఉండి, తోటలో వాటా అడిగిన కొడుక్కి ఆ భాగం ఎవరో ఒకరు చదివి వినిపించాలి.

లోబడమని హెబ్రీ 13:17లో ఉంది నిజమే. కానీ అదే వచనం నాయకులు లెక్క ఒప్పచెప్పవలసినవాళ్ళు అని కూడా అంటుంది. మరి ఆ లీడర్ తన నోటుబుక్కు ఎవరికిస్తాడో ఒకసారి కనుక్కోండి. 1 పేతురు 5:3 కూడా చూడండి, మంద మీద ప్రభువులైనట్టు ఉండకూడదని పెద్దలకే రాశాడు.

ఇది మన గోదావరి గట్టున పుట్టిన రోగం కాదమ్మా. 1970లలో అమెరికాలో ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ నుంచి ఐదుగురు బోధకులు షెపర్డింగ్ అని ఒక ఉద్యమం నడిపారు. ప్రతి విశ్వాసికీ ఒక కాపరి ఉండాలి, పెళ్ళి, ఉద్యోగం, డబ్బు ఏదైనా అతన్ని అడిగే చేయాలి. ఈ కవరింగ్ మాట ఊరూరా పాకింది ఎక్కువగా వాళ్ళ వల్లే. ఎన్నో కుటుంబాలు నలిగాక, ఆ ఐదుగురిలో ఒకరైన బాబ్ మమ్‌ఫోర్డ్ బహిరంగంగా క్షమాపణ అడిగారు. అక్కడ తప్పని ఒప్పుకున్నదాన్ని ఇక్కడ కొత్త ప్రత్యక్షతలాగా అమ్ముతున్నారు, నా బాధ అదీ.

తణుకు అమ్మ:

అన్నిటినీ ఒకే గాటన కట్టకండి బాబూ. మా అమ్మాయి ఆరు నెలలు చేసింది. అక్కడా ఫోన్ తక్కువే ఇచ్చేవారు, కానీ నెలకోసారి మేం వెళ్ళి దానితో విడిగా కూర్చుని మాట్లాడేవాళ్ళం. వాళ్ళ నానమ్మ పోతే పన్నెండు రోజులు పంపారు, ఎవర్నీ తోడు పంపలేదు. సర్టిఫికెట్లు జిరాక్సులే తీసుకున్నారు. ఇప్పుడు ఆదివారం బడి అదే నడుపుతోంది. క్రమశిక్షణ అనగానే భయపడితే పిల్లలు ఏమైపోవాలి?

అమలాపురం కుర్రాడు:

ఆంటీ, మీరు చెప్పినవే తేడా. విడిగా మాట్లాడనిచ్చారు, తోడు లేకుండా పంపారు, కాగితాలు దగ్గర పెట్టుకోలేదు. అలాంటిచోటికైతే మా చెల్లిని నేనే దింపి వస్తాను.

భీమవరం గుమస్తా:

వకీలు గారి దగ్గర పనిచేస్తాను, సంగతి సూటిగా చెప్తా. 22 ఏళ్ళవాడు మేజర్. మీరు హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందుకు తెప్పించమనే పిటిషన్ వేసినా, వాడు జడ్జి ముందు "నా ఇష్టంతోనే ఉన్నాను" అంటే అక్కడితో అయిపోతుంది, పైగా మీకూ వాడికీ మాటలు పోతాయి. వెళ్తానన్నవాణ్ణి పోనివ్వకుండా బంధిస్తే అది వేరే, భారతీయ న్యాయ సంహిత 127 కింద నేరం, 112కి కొట్టొచ్చు. సర్టిఫికెట్లు వాడివి, ఉద్యోగానికి కావాలని వాడి చేతే రాతపూర్వకంగా అడిగించండి, ఇవ్వకపోతే అప్పుడు స్టేషన్. తోట నాన్నగారి సొంత సంపాదన అయితే ఆయన ఉండగా వాటా అన్న మాటే లేదు. ఎవరు ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టొద్దని నాన్నగారికి ఇవాళే చెప్పండి. అమ్మగారికి నిద్ర పట్టట్లేదంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఫ్రీ నంబర్, తెలుగులో మాట్లాడతారు.

రాజోలు అక్క:

అందరికీ థాంక్స్. మాస్టారూ, మార్కు 7 నాన్నకి చదివి వినిపించాను, ఆయన ఏమీ అనలేదు, మళ్ళీ చదవమన్నారు.

నిన్న ఆదివారం ఫోన్‌లో అమలాపురం తమ్ముడు చెప్పినట్టే చేశాం. దింపు కార్మికుడు ఈసారి చెట్టుకి ఎంత అడిగాడో అమ్మ చెప్తుంటే వాడు నవ్వాడు, జూన్ తర్వాత ఆ నవ్వు వినడం ఇదే. తర్వాత వాడే అడిగాడు, ఈ క్రిస్మస్‌కి మేడ మీద స్టార్ ఎవరు కడుతున్నారని. నువ్వొచ్చి కడతావని వైరు కూడా కిందికి దించలేదురా అంది అమ్మ. కాసేపు ఏం మాట్లాడలేదు. లోపల్నుంచి ఎవరో టైమ్ అయిందన్నారు. "ఒక్క నిమిషం అన్నా" అన్నాడు వాడు, నాకు స్పష్టంగా వినపడింది.

సర్టిఫికెట్ల సంగతి వచ్చే ఆదివారం అడుగుతాం.