టైఫాయిడ్‌తో మంచం మీద ఉన్నాను, సోమవారం నుంచి మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో వచ్చే పరీక్షలు). వాయిదా దొరుకుతుందా?

ప్రశ్న (గుంటూరు, బీటెక్ మూడో సంవత్సరం)

అందరికీ నమస్కారం. టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో చేరాను. రేపో ఎల్లుండో డిశ్చార్జి చేస్తామన్నారు గానీ, ఇంకో పది రోజులు కాలేజీ మాట ఎత్తొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. సోమవారం నుంచి మొదటి మిడ్. రెండు అసైన్‌మెంట్లు, ఒక ల్యాబ్ రికార్డు కూడా ఇవ్వాలి. ఇవి చాలవన్నట్టు ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సు ఒకటి. మాది జేఎన్‌టీయూ కాకినాడ అనుబంధ కాలేజీ, అటానమస్ (సొంత రూల్స్, పరీక్షలు పెట్టుకునేది) కాదు, ఆర్23 రెగ్యులేషన్ (2023 నుంచి చేరినవాళ్ల రూల్స్). నా ఒక్కడి కోసం మిడ్ వెనక్కి జరుపుతారా? నాన్న వెళ్లి ప్రిన్సిపాల్‌ని బతిమాలతానంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు (విజయవాడ, బీటెక్ పూర్తయిన సీనియర్)

తమ్ముడూ, నాన్నగారిని పంపే ముందు ఒక లెక్క చూసుకో. సెమిస్టర్‌లో ఉండే రెండు మిడ్స్‌లో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ. ఒకటి రాయకపోతే దానికి సున్నా. అంటే మొదటి మిడ్ పూర్తిగా ఎగిరిపోయి, రెండోదాంట్లో 30కి 25 తెచ్చుకున్నా నీకు 20 వస్తాయి. రెండోది బాగా రాస్తే, ఎంత పోయినా ఒక్కో సబ్జెక్టులో 6 మార్కులకు మించి పోదు. జ్వరంతో వెళ్లి కూర్చుని పన్నెండు తెచ్చుకుంటే కలిసొచ్చేది రెండున్నర మార్కులు కూడా కాదు. దానికోసం మళ్లీ ఆసుపత్రి పాలవుతావా?

అసలు భయపడాల్సింది హాజరు గురించి. మొత్తం మీద 75 శాతం ఉండాలి, ఒక్కో సబ్జెక్టులో కనీసం 40 ఉండాలి. 65 నుంచి 75 మధ్య పడితే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి కండోనేషన్ (తగ్గిన హాజరుకు మినహాయింపు) అడగొచ్చు. 65 దిగితే డిటైన్ (ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే), అక్కడ ఎవరి సిఫార్సూ పనిచేయదు. సెమిస్టర్‌కి 90 పనిదినాలు అనుకుంటే 22 రోజుల దాకా తట్టుకోగలవు, అదీ ఇంతకుముందు డుమ్మాలు కొట్టకుండా ఉంటేనే. ఆ సంగతి నీకే తెలియాలి.

అడిగినవారు

డుమ్మాలు ఉన్నాయన్నా, కొద్దిగా. మరి అసైన్‌మెంట్లు, రికార్డు?

జవాబు (విజయవాడ, ఇంజినీరింగ్ లెక్చరర్)

బాబూ, తేదీ ఎవరు పెట్టారో వాళ్లనే అడగాలి. అసైన్‌మెంట్, రికార్డు గడువు పెట్టింది సబ్జెక్టు చెప్పే సారో మేడమో. నాన్నగారు ప్రిన్సిపాల్ గది ముందు గంటసేపు కూర్చున్నా ఆయన ఆ కాగితాన్ని మళ్లీ మా దగ్గరికే పంపిస్తారు. మిడ్ తేదీలు యూనివర్సిటీ క్యాలెండర్ ప్రకారం ఉంటాయి, ఒకరి కోసం మారవు. అటానమస్ కాలేజీల్లో మాత్రం వాళ్ల రూల్స్ వాళ్లవి. కొన్నిచోట్ల మళ్లీ మిడ్ పెడతారు, అలాంటి కాలేజీల పిల్లలు ఎగ్జామ్ సెల్‌లో కనుక్కోండి.

గడువు దాటాక కాదు, ఈ రోజే మెసేజ్ పెట్టు. "ఆరోగ్యం బాగాలేదు సార్, కొంచెం టైమ్ ఇవ్వండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఇలా రాయి:

"సార్, నేను మూడో సంవత్సరం బి సెక్షన్, రోల్ నంబరు ఫలానా. టైఫాయిడ్‌తో ఫలానా తేదీన ఆసుపత్రిలో చేరాను. ఫలానా తేదీ వరకు విశ్రాంతి అవసరమని డాక్టర్ రాసిచ్చారు, కాగితం జత చేస్తున్నాను. మొదటి అసైన్‌మెంట్‌ను ఫలానా తేదీన ఇవ్వడానికి అనుమతించగలరు."

నువ్వే ఒక తేదీ చెబితే మాకు ఒప్పుకోవడం తేలిక. అది కూడా నువ్వు నిజంగా ఇవ్వగలిగిన తేదీ అయి ఉండాలి. రెండోసారి వాయిదా అడిగితే నా మొహం మారిపోతుంది, దాచుకోను.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచెత్తినప్పుడు సింగ్ నగర్ పిల్లల రికార్డులు నీళ్లపాలయ్యాయి. వాళ్లు అడగకముందే మేం గడువు పెంచాం, ఎందుకంటే ఊరంతా చూసిన సంగతి అది. నీ జ్వరం సంగతి నువ్వు చెబితే తప్ప మాకు తెలియదు.

కాగితాల విషయానికొస్తే, ఓపీ చీటీ ఒక్కటే చాలదు. డిశ్చార్జి సమ్మరీ, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న సర్టిఫికెట్ తీసుకో. డబ్బులిచ్చి కొనుక్కొచ్చే సర్టిఫికెట్లు చూడగానే తెలిసిపోతాయి. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దు. నాన్నగారు ఎలాగూ వస్తానంటున్నారు కాబట్టి హెచ్ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) ఆఫీసులో జిరాక్స్ ఇచ్చి, నీ దగ్గర ఉంచుకునే కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోమను. సెమిస్టర్ చివర కండోనేషన్ లిస్టు తయారయ్యేటప్పుడు అదే అక్కరకొస్తుంది.

జవాబు (గుంటూరు, పీజీ విద్యార్థిని)

ఇది చదివే ఆడపిల్లల కోసం ఒక మాట. డెలివరీ వల్ల క్లాసులు, పరీక్ష ఫారాల గడువులు తప్పుతుంటే ఊరుకోకండి. డిగ్రీ, పీజీ చదివే మహిళలకు హాజరులో, ఫారం తేదీల్లో సడలింపు ఇచ్చేలా నియమాలు పెట్టుకోమని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2021 డిసెంబరులో యూనివర్సిటీలకు లేఖ రాసింది. పీహెచ్‌డీ వాళ్లకైతే 240 రోజుల దాకా సెలవు ఉంది. ఆఫీసులో "అలాంటిదేం లేదమ్మా" అంటే ఆ లేఖ ప్రింట్ తీసి దరఖాస్తుకి జతచేయండి.

అడిగినవారు

మా సబ్జెక్టు సార్‌కి ఇప్పుడే మెసేజ్ పెట్టాను, ఆసుపత్రి కాగితం ఫొటో కూడా పంపాను. ఒకవేళ సెమిస్టర్ పరీక్షలప్పుడు మళ్లీ జ్వరం తిరగబెడితే?

లెక్చరర్

ఆ పరీక్షకు వాయిదా అనేదే లేదు. రాయలేకపోయిన పేపర్ సప్లీలో (తర్వాత పెట్టే సప్లిమెంటరీలో) రాసుకోవాలి, మిడ్స్‌లో వచ్చిన ఇంటర్నల్ మార్కులు అలాగే ఉంటాయి. పరీక్ష ఫీజు మాత్రం గడువులోపు కట్టెయ్, మిగతా పేపర్లు రాయాలి కదా.

సీనియర్

ఎన్‌పీటెల్ గురించి ఎవరూ చెప్పలేదు. వాళ్ల అసైన్‌మెంట్ గడువు మీ కాలేజీలో ఎవరూ మార్చలేరు, మెయిల్ పెట్టి టైమ్ వృథా చేసుకోకు. పన్నెండు వారాల కోర్సయితే 12 అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన 8 మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు, ఎనిమిది వారాలదైతే 8లో 6. నీది ఎన్ని వారాలది, ఇప్పటిదాకా ఎన్ని ఇచ్చావు?

అడిగినవారు

పన్నెండు వారాలదన్నా. నాలుగు ఇచ్చాను, ఒక్కటీ తప్పలేదు.

సీనియర్

అయితే రెండు వదిలేసినా పది ఉంటాయి, కావాల్సింది ఎనిమిదే. వచ్చే రెండు వారాలు లాప్‌టాప్ ముట్టుకోకు.