ఎనిమిది వేలలో హెడ్‌ఫోన్లు: రాత్రి బస్సుకూ ఆఫీసు కాల్స్‌కూ ఒకటే సరిపోతుందా?

బెళ్ళందూరు_బాటసారి:

అందరికీ నమస్కారం. నాయిస్ క్యాన్సలింగ్ హెడ్‌ఫోన్లు కొనాలనుకుంటున్నాను. బడ్జెట్ ఎనిమిది వేలు. మరీ నచ్చితే ఇంకో వెయ్యి సర్దుకుంటాను, అంతకు మించి నా వల్ల కాదు. పాతిక వేల సోనీ, ముప్పై వేల బోస్ కొనమని చెప్పబోయేవారికి ముందే ఒక దండం. అవి మంచివని నాకూ తెలుసు.

నా అవసరం ఇదీ. బెంగళూరు మారతహళ్ళిలో లేడీస్ పీజీలో ఉంటాను, ఆఫీసు బెళ్ళందూరులో. కస్టమర్ సపోర్టు ఉద్యోగం, అంటే పని వేళల్లో సగం ఫోన్‌లోనే గడుస్తుంది. మా ఆఫీసులో విడి గదులు లేవు, హాలంతా పొడవాటి బల్లలే. నా పక్క సీటు ఆయన సేల్స్ చూస్తాడు. ఆయన పుణేతో మాట్లాడుతుంటే అసలు ఫోను ఎందుకా అనిపిస్తుంది. నా కస్టమర్లకు కూడా ఆయన మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయి. మొన్న ఒకావిడ తన ఫిర్యాదు పక్కన పెట్టి, "ఇప్పుడే ఎవరో ఇరవై శాతం తగ్గిస్తామన్నారు, అది మాకు లేదా?" అని అడిగింది.

రెండోది ప్రయాణం. మాది కాకినాడ దగ్గర పల్లెటూరు. టికెట్ దొరికితే శేషాద్రి ఎక్స్‌ప్రెస్, దొరక్కపోతే మడివాళలో రాత్రి బస్సు. పండగలకు రైలు టికెట్ దొరకదు కాబట్టి బస్సే అనుకోండి. ఆలస్యంగా బుక్ చేసుకునేవారికి మిగిలేది వెనక చక్రాల మీది బెర్తు. ఇంజనూ అక్కడే. తెల్లారి బస్సు దిగాక కూడా ఆ మోత గంటసేపు తలలోంచి పోదు. రైలులో ఆ బాధ తక్కువే, కానీ ఇయర్‌ఫోన్లు లేకుండా ఫోన్‌లో రీల్స్ చూసే మహానుభావులు ఎదుటి బెర్తులో తప్పకుండా ఉంటారు.

ఇవి కాక, పీజీ పక్క స్థలంలో కొత్త భవనం లేస్తోంది. శనివారం పొద్దున్నే గ్రానైట్ కోసే యంత్రంతో మేలుకొలుపు.

ఈ మూడింటికీ కలిపి ఒకటి కొంటే సరిపోతుందా? రెండు వేల హెడ్‌ఫోన్ల పెట్టె మీదా "నాయిస్ క్యాన్సలేషన్" అనే ఉంది, పది వేల దాని మీదా అదే ఉంది. మరి తేడా ఎక్కడ? చెవులను పూర్తిగా కప్పేవి మంచివా, చెవిలో పెట్టుకునే బడ్స్ మంచివా? నాకు కళ్ళద్దాలు ఉన్నాయి, అదొకటి. యూట్యూబ్ సమీక్షలు చూశాను, అక్కడ అందరికీ అన్నీ అద్భుతంగానే వినిపిస్తున్నాయి. సొంత డబ్బుతో కొనుక్కుని వాడుతున్నవారు చెప్పండి.


కోరమంగళ_కాఫీ:

సోనీ డబ్ల్యూహెచ్-సీహెచ్720ఎన్ తీసుకోండి, ఇక ఆలోచించకండి. దూదిలా తేలిక. ఛార్జింగ్ సంగతి మర్చిపోవచ్చు. పండగ అమ్మకాల్లో మీ బడ్జెట్ దరిదాపుల్లోకి వస్తుంది. పర్పుల్ లైన్ మెట్రోలో నేను రోజూ వాడుతున్నాను. స్టేషన్ పేరు చెప్పినా వినిపించక ఇందిరానగర్ దాటి ట్రినిటీలో దిగిన రోజులున్నాయి.


పాతరేడియో:

బాటసారి గారూ, కాఫీ గారు చెప్పింది మంచి హెడ్‌ఫోనే. అయితే అది మీ ప్రశ్నలో సగానికే జవాబు. నేను జాలహళ్ళి వైపు ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చాలాకాలం పనిచేసి రిటైరైనవాణ్ణి. కాస్త చాదస్తంగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

అమ్మా, మీ బాధలు రెండు రకాలు. ఒకటి మీ చెవిలో పడే చప్పుడు. రెండోది మీ మైకు గుండా కస్టమర్ చెవిలో పడే చప్పుడు. వీటికి మందు ఒకటి కాదు. మొదటిదానికి పనికొచ్చేది ఏఎన్‌సీ (యాక్టివ్ నాయిస్ క్యాన్సలేషన్), అంటే బయటి చప్పుడు మీ చెవిలో పడకుండా తగ్గించే ఏర్పాటు. రెండోదానికి ఈఎన్‌సీ, అంటే మైకులోకి వచ్చే పరిసరాల గోలను వడకట్టి మీ గొంతును మాత్రం అవతలికి పంపే ఏర్పాటు. రెండు వేల పెట్టెల మీద చాలాసార్లు ఉండేది ఈ రెండోదే. అది ఉన్నంత మాత్రాన బస్సు ఇంజను మోత మీకు ఇసుమంత కూడా తగ్గదు. కొనేముందు పెట్టె మీద ఏఎన్‌సీ అని విడిగా ఉందో లేదో చూడండి.

ఏఎన్‌సీ పని ఇలా ఉంటుంది. హెడ్‌ఫోన్ మీది చిన్న మైకు బయటి శబ్దాన్ని పట్టుకుంటుంది. లోపలి చిప్పు దానికి సరిగ్గా వ్యతిరేకమైన తరంగాన్ని తయారు చేసి స్పీకరులోకి పంపుతుంది. ఒకటి పైకి లేచే చోట రెండోది కిందికి దిగుతుంది, రెండూ కలిసి చెల్లిపోతాయి. అయితే ఇది అన్ని శబ్దాల మీదా ఒకేలా పనిచేయదు. 100 హెర్ట్జ్ ఇంజను మోత తరంగం గాలిలో దాదాపు 3.4 మీటర్ల పొడవు, నిలకడగా వస్తుంది కాబట్టి చిప్పు దాన్ని అందుకోగలదు. 3,000 హెర్ట్జ్ కీచు శబ్దం తరంగం 11 సెంటీమీటర్లే. అక్కడ వెంట్రుకవాసి ఆలస్యమైనా లెక్క తప్పుతుంది. అందుకే హోరు అణగుతుంది, గోల మిగులుతుంది.

దీన్ని మీ ఇబ్బందులకు అన్వయించుకోండి. బస్సు ఇంజను, ఆఫీసు ఏసీ, రైలు చక్రాల మోత బాగా తగ్గుతాయి. గ్రానైట్ యంత్రం కీచుమనేది చిప్పుకు లొంగదు. దాన్ని కొంతైనా ఆపేది చెవి చుట్టూ గట్టిగా అతుక్కునే మెత్తలే. సేల్స్ ఆయన గొంతు రెంటికీ మధ్యలో ఉంటుంది. పలచబడుతుంది, పోదు. ఇక రీల్స్ సంగతి వింటే నవ్వుతారు. రైలు హోరు అణగిపోయేసరికి ఎదుటి బెర్తులోని పాట ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. అప్పుడు మీరు కూడా సన్నగా ఏదో ఒకటి పెట్టుకోవాలి. వాన చప్పుడు చాలు.

ఒక పిట్టకథ చెప్పి ముందుకు వెళ్తాను. బోస్ కంపెనీ పెట్టిన అమర్ బోస్ 1978లో యూరప్ నుంచి అమెరికాకు తిరిగి వెళ్తూ, విమానంలో ఇచ్చిన హెడ్‌ఫోన్లలో పాట కన్నా ఇంజనే ఎక్కువ వినిపించడంతో అక్కడే కాగితం మీద లెక్కలు మొదలుపెట్టాడట. పైలట్లకు వాళ్ళ హెడ్‌సెట్ 1989లో వచ్చింది. మామూలు ప్రయాణికుల చేతికి 2000లో గానీ రాలేదు. ఆ వస్తువు ఇప్పుడు మారతహళ్ళి షాపుల్లో మొబైల్ కవర్ల పక్కన వేలాడుతోంది.

పెట్టె మీది డెసిబెల్స్ చూసి మోసపోకండి. "40 డెసిబెల్స్ వరకు" అంటే ఏదో ఒక పౌనఃపున్యం దగ్గర దక్కిన అత్యుత్తమ ఫలితం. అన్ని చప్పుళ్ళూ అంత తగ్గుతాయని కాదు.

మోడళ్ళ విషయానికి వస్తే సోనీ సీహెచ్720ఎన్ బరువు 192 గ్రాములు, ఏఎన్‌సీ వేసి ఉంచినా 35 గంటలు వస్తుందని కంపెనీ లెక్క. కానీ లోపలికి మడవదు, డబ్బా కూడా ఇవ్వరు. బ్యాగులో టిఫిన్ బాక్సు కింద నలిగిపోకుండా చూసుకోవాలి. జేబీఎల్ ట్యూన్ 770ఎన్‌సీ 232 గ్రాములు, ఏఎన్‌సీతో 44 గంటలు, మడిచి పెట్టుకోవచ్చు. రెండూ ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ ఒకేసారి కలుస్తాయి. మీ పనికి అది తప్పనిసరి. ధర రోజుకో తీరుగా ఉంటుంది, దాన్ని మీరే చూసుకోండి.

కానీ ఆఫీసు కాల్స్‌కు ఈ రెండూ నేను చెప్పను. వీటి మైకు చెవి దగ్గర ఉంటుంది, నోటి దగ్గర కాదు. పైగా చాలా ల్యాప్‌టాప్‌లలో బ్లూటూత్ మైకు వాడిన క్షణం నుంచి వినపడే నాణ్యత కూడా పాత ల్యాండ్‌లైన్ స్థాయికి పడిపోతుంది. రోజంతా కాల్స్ మాట్లాడేవారికి నోటి ముందుకు మైకు కాడ వచ్చే యూఎస్‌బీ వైరు హెడ్‌సెట్ కావాలి. రెండు మూడు వేలలో మంచిది దొరుకుతుంది. అసలు అది కంపెనీ ఇవ్వాల్సిన వస్తువు, ముందు వాళ్ళను అడగండి.

కళ్ళద్దాలు మామూలు విషయం కాదు. కాడ పక్కన మెత్త కొద్దిగా లేస్తుంది. సరిగ్గా ఆ సందులోంచి ఇంజను హోరు మళ్ళీ లోపలికి వస్తుంది. కాబట్టి ఆన్‌లైన్‌లో కొనకండి. చాలా చోట్ల పాడైతే మారుస్తారు గానీ నచ్చలేదంటే వెనక్కి తీసుకోరు. షోరూముకు వెళ్ళి, పాట పెట్టకుండా, కళ్ళద్దాలతోనే ఏసీ కింద నిలబడి ఏఎన్‌సీ వేసి, తీసి చూడండి. తర్వాత బయటికి వచ్చి రోడ్డు మీద నుంచి స్నేహితురాలికి ఫోన్ చేసి మీ మాట ఎలా వినిపిస్తోందో అడగండి. షాపు కుర్రాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి, డబ్బు మీది.


తాంబరం_లోకల్:

చెన్నై నుంచి ఒక మాట. పాతరేడియో గారి లెక్కలన్నీ సరే, ఒక్క విషయం ఎవరూ అడగలేదు. స్లీపర్ బస్సులో మీరు ఎలా పడుకుంటారు? పక్కకు తిరిగి పడుకునేవారైతే పెద్ద హెడ్‌ఫోన్లతో నిద్ర అన్నది కల. ఒక చెవి దిండుకూ ప్లాస్టిక్కుకూ మధ్య నలుగుతుంది. మీరు బస్సు కోసమే కొంటున్నట్టు కనిపిస్తోంది కాబట్టి చెబుతున్నాను.

మా ఊళ్ళో ఇంకో తంటా ఉంది. బీచ్ స్టేషన్ నుంచి తాంబరం దాకా లోకల్ రైలులో నిలబడి వస్తే చెవుల మెత్తలు చెమటతో తడిసిపోతాయి. నా పాత హెడ్‌ఫోన్ల తోలు రెండో వేసవికే పొరలు పొరలుగా రాలి, చెవుల చుట్టూ నల్లటి పొట్టు అంటుకునేది. ఇంట్లో "అదేమిటి, మసి పూసుకున్నావా" అనేవారు. బెంగళూరు చల్లదనంలో మీకు ఆ బాధ తక్కువే.

నేను బడ్స్‌కు మారాను. వన్‌ప్లస్ నార్డ్ బడ్స్ 2 లాంటివి మూడు వేల లోపే ఏఎన్‌సీతో వచ్చాయి, ఇప్పుడు ఆ ధరలో ఇంకా చాలా ఉన్నాయి. కళ్ళద్దాల గొడవే లేదు. రబ్బరు టోపీలు మూడు సైజుల్లో ఇస్తారు. చాలామంది పెట్టెలోంచి తీసినవే అలాగే వాడేసి ఏఎన్‌సీ పనిచేయడం లేదంటారు. మూడూ మార్చి చూడండి. నాకు కుడి చెవికి మధ్య సైజు, ఎడమకు పెద్దది సరిపోయాయి. లోపం ఒకటే. ఏఎన్‌సీ వేస్తే ఒక ఛార్జికి ఐదారు గంటలు, అంతే. మడివాళలో పెట్టుకుంటే అర్ధరాత్రి దాటాక ఆగిపోతాయి. అప్పటికి మీరు నిద్రపోయి ఉంటే పరవాలేదు. దుప్పటి మడతల్లో జారిపోతే మాత్రం తెల్లవారుజామున టార్చి వేసి వెతుక్కోవాలి.


పాతరేడియో:

తాంబరం గారు పడక సంగతి బాగా గుర్తు చేశారు. ఒక్కటి జోడిస్తాను. బడ్స్ అయినా, పెద్దవైనా, ఇంజను మోతను మించిపోవాలని సౌండు పెంచే అలవాటు మానండి. పెద్దలు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటల వరకు వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బస్సు హోరులో పాట వినబడాలంటే చాలామంది ఆ హద్దు దాటుతారు. హోరును చిప్పు తగ్గిస్తే సౌండు సగంలోనే ఉంచుకోవచ్చు. నా దృష్టిలో ఏఎన్‌సీకి డబ్బు పెట్టడానికి ఇదే అసలు కారణం.


బెళ్ళందూరు_బాటసారి:

అందరికీ కృతజ్ఞతలు. ముందుగా ఆఫీసులో అడిగాను. అడ్మిన్ అతను బీరువా తీసి, మైకు కాడ ఉన్న యూఎస్‌బీ హెడ్‌సెట్ చేతిలో పెట్టాడు. "ఎవరూ అడగరు, అందుకే లోపలే ఉన్నాయి" అన్నాడు. మైకును నోటికి రెండు వేళ్ళ దూరంలో పెట్టుకున్నాక పుణే బేరాలు నా కస్టమర్లకు వినిపించడం దాదాపు ఆగిపోయింది. నాకు మాత్రం చెవిలో జోరీగలా వినిపిస్తూనే ఉన్నాయి.

తర్వాత షోరూముకు వెళ్ళాను. కుర్రాడు హుషారైన పాట పెట్టబోతే వద్దని ఏసీ కింద నిలబడ్డాను. మొదటిది పెట్టుకోగానే ఏసీ చప్పుడు మాయమైంది. తల కాస్త వంచితే ఎడమ వైపు నుంచి మళ్ళీ వచ్చింది. నా కళ్ళద్దాల కాడలు వెడల్పాటివి, అదే కారణం. రెండోది గట్టిగా పట్టి ఉంచింది గానీ పది నిమిషాలకే కాడలు కణతల్లోకి గుచ్చుకున్నాయి. తాంబరం గారూ, నేను పక్కకు తిరిగే పడుకుంటాను. కాబట్టి మూడు వేల లోపు బడ్స్ తీసుకున్నాను. కాఫీ గారు నన్ను క్షమించాలి. మిగిలిన డబ్బుతో తత్కాల్ టికెట్ ప్రయత్నిస్తాను, దొరికితే అసలు బస్సు బాధే ఉండదు.

ఇప్పుడు ఒకటే సందేహం. రబ్బరు టోపీల బదులు మెమరీ ఫోమ్‌వి వేస్తే గ్రానైట్ యంత్రం ఇంకా తగ్గుతుందని ఎవరో అన్నారు. నిజమేనా?


పాతరేడియో:

నిజమే, కీచు శబ్దాల మీద ఫోమ్ బాగా పనిచేస్తుంది. వేళ్ళతో నలిపి చెవిలో పెట్టి, అది ఉబ్బేదాకా పట్టుకోవాలి. కొనేముందు మీ బడ్స్ నమూనాకు సరిపోయేవేనా అని చూడండి. కొన్ని పొడుగ్గా ఉండి డబ్బా మూత పడనివ్వవు, మూత పడకపోతే బడ్స్ ఛార్జి కావు. చెమటకు ఫోమ్ త్వరగా పాడవుతుంది కాబట్టి రెండు మూడు జతలు ఒకేసారి తెప్పించుకోండి. మారతహళ్ళి వంతెన దగ్గర రోడ్డు దాటేటప్పుడు మాత్రం రెండూ తీసేయండమ్మా.