మూత్రం ఎరువుగా పోస్తే వంగ ఆకులు మాడుతున్నాయి, ఎక్కడ తప్పు జరిగింది?

నంద్యాల_మిద్దెతోట:
అందరికీ నమస్కారం. మా మిద్దె మీద ముప్పై కుండీల దాకా ఉన్నాయి, వంగ, టమాటా, గోంగూర. ఆవు పంచితం దొరకడం కష్టమై, మనిషి మూత్రంలోనూ నత్రజని బాగా ఉంటుందని చదివి రెండు నెలలుగా ఐదు లీటర్ల క్యాన్‌లో పట్టి, ఒక వంతుకు ఐదు వంతుల నీళ్లు కలిపి వారానికి రెండుసార్లు పోస్తున్నాను. మొదట్లో వంగ నల్లగా నిగనిగలాడింది. ఇప్పుడు ఆకుల అంచులు మాడి, పట్టుకుంటే పెళుసుగా విరిగిపోతున్నాయి, కుండీ అంచుల మీద తెల్లటి పొర. క్యాన్ మూత తీస్తే కళ్లు మండేంత ఘాటు, అడుగున ఇసుకలాంటి మడ్డి. అదేంటి? స్విట్జర్లాండ్‌లో దీన్నే సీసాల్లో అమ్ముతారట, మరి వాళ్లకు ఈ వాసన ఎలా పోయింది? ఇంట్లో అత్తగారికి ఇంకా చెప్పలేదు, అదొక టెన్షన్.

ఎర్రనేల_రైతు:
అక్కా, అది ఉప్పు దెబ్బ. మనం తినే ఉప్పు, ఊరగాయల ఉప్పు చాలావరకు మూత్రంలోనే పోతుంది. పొలంలో అయితే వానకు కిందికి దిగిపోతుంది గానీ కుండీలో ఎక్కడికి పోతుంది? మీది బోరు నీళ్లయితే ఇంకా త్వరగా పేరుకుంటుంది. మూడు వారాలు పూర్తిగా ఆపండి, కింద రంధ్రంలోంచి ధారగా కారేదాకా రెండు మూడుసార్లు మంచినీళ్లు పట్టండి. తర్వాత ఒకటికి పది పాళ్లు, పది రోజులకోసారి చాలు. ఆకుల మీద పడనివ్వకండి, మట్టిలో చిన్న గాడి తీసి పోసి వెంటనే కప్పేయండి. ఆ ఘాటే మీ నత్రజని, గాలికి పోయిందంటే ఎరువు పోయినట్టే. గోంగూరకు మాత్రం వద్దు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన సూచనల్లో ఆఖరిసారి పోశాక కోతకు నెల గ్యాప్ ఉండాలన్నారు, రోజూ కోసే ఆకుకూరకు అది కుదరదు.

జ్యూరిక్_తెలుగు:
నేను నీటిశుద్ధి పనిలో ఉన్నాను, మీ మడ్డి గురించి చదవగానే రాయాలనిపించింది. నిల్వ ఉంచిన మూత్రంలో యూరియాను బాక్టీరియా అమ్మోనియాగా విడగొడుతుంది, పీహెచ్, అంటే క్షారగుణం కొలత, 9 దాకా పెరుగుతుంది. అప్పుడు కరిగి ఉన్న భాస్వరం మెగ్నీషియంతో, అమ్మోనియాతో కలిసి గట్టిపడి అడుగుకు దిగుతుంది. దాన్ని స్ట్రువైట్ అంటారు, నెమ్మదిగా కరిగే మంచి ఎరువు, పారేయకండి. నేపాల్‌లో సిద్ధిపూర్ ఊళ్లో మెగ్నీషియం లవణం కలిపి మరీ దీన్ని తీశారు. భాస్వరం దాదాపు అంతా వచ్చేస్తుంది, కానీ నత్రజనిలో ఎక్కువ భాగం నీళ్లలోనే మిగిలిపోతుంది, అసలు చిక్కు అక్కడే. మీరడిగిన సీసా పేరు ఆరిన్, ఇక్కడి ఏవాగ్ పరిశోధన సంస్థ నుంచి వచ్చింది. అమ్మోనియాలో సుమారు సగాన్ని బాక్టీరియాతో నైట్రేట్‌గా మారుస్తారు, దాంతో పీహెచ్ తగ్గి అమ్మోనియా ఎగిరిపోవడం ఆగుతుంది, వాసన పోతుంది. తర్వాత యాక్టివేటెడ్ కార్బన్‌తో, అంటే మలినాలను పీల్చుకునే ప్రత్యేకమైన బొగ్గుతో, మందుల అవశేషాలు తీసి, మరిగించి నీరు తగ్గిస్తారు. ఈ పద్ధతిని దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో మూత్రం వేరుపడే పొడి మరుగుదొడ్లున్న కాలనీల కోసం కూడా పరీక్షించారు. 2018లో స్విస్ ప్రభుత్వం తిండి పంటలకూ అనుమతి ఇచ్చింది. ఇంట్లో ఇదంతా చేయలేం, మూత బిగించడం మాత్రం మన చేతిలోనే ఉంది.

మందులకొట్టు:
పైన మందుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఇంట్లో ఎవరైనా యాంటీబయాటిక్ కోర్సులో ఉంటే ఆ రోజులు, తర్వాత ఒక వారం పట్టకండి. కార్బన్ ఫిల్టర్ వాళ్లకుంది, మన క్యాన్‌కు లేదు.

ఎర్రనేల_రైతు:
ఇంకో లెక్క. పెద్దవాళ్లు ఒకరి నుంచి ఏడాదికి సుమారు 3 కిలోల నత్రజని అనుకోండి, తిండిని బట్టి మారుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20 కిలోల పైచిలుకు. ఏడుగురున్న ఇల్లు ఏటా ఒక బస్తా డ్రైనేజీలో పోస్తోందన్నమాట, నాకైతే ప్రాణం ఉసూరుమంటుంది.

నంద్యాల_మిద్దెతోట:
అందరికీ చాలా థాంక్స్. పొద్దున్నే వంగ కుండీలకు నీళ్లు పట్టాను, మొదటిసారి కింద డికాషన్ రంగులో కారింది, మూడోసారికి తేటగా వచ్చింది. అత్తగారికి కూడా చెప్పేశాను. ఆవిడ క్యాన్ వైపు చూసి, వాళ్ల ఊళ్లో పశువుల కొట్టంలో పంచితం ఇంకిన మట్టిని తవ్వి పొలానికి తోలేవాళ్లమని చెప్పారు. మడ్డి ఒక గిన్నెలోకి తీసి ఆరబెట్టాను, రెండు చెంచాలు వచ్చింది. టమాటాకు నాటేటప్పుడే వేర్ల దగ్గర వేయొచ్చా?

జ్యూరిక్_తెలుగు:
వేయొచ్చండి, చిటికెడు చాలు, మట్టిలో కలిపి వేయండి.