‘స్లో హార్సెస్’ ఆరో పుస్తకం దగ్గర ఆగిపోయాను, దారి చెప్పండి (స్పాయిలర్లు వద్దు)

‘స్లో హార్సెస్’ అనే బ్రిటిష్ గూఢచారి టీవీ సిరీస్ ఐదు సీజన్లూ చూశాక, దానికి మూలమైన మిక్ హెరాన్ నవలలు పట్టుకున్నాను. ఐదో సీజన్‌కు మూలమైన ‘లండన్ రూల్స్’ (2018) వరకు వరుసగా చదివేశాను, ఇబ్బంది రాలేదు. ఆరోది, ‘జో కంట్రీ’ (2019), మొదలుపెడితే లెక్ విచిన్‌స్కీ అనే కొత్త మనిషి తగిలాడు. అతని కథ అంతకుముందే ఎక్కడో సగం జరిగిపోయినట్టుంది!

అరవై పేజీలు రెండుసార్లు చదివాను. ‘లండన్ రూల్స్’ మళ్లీ తిరగేశాను, అతని పేరు కనబడలేదు. నెట్‌లో వెతుకుదామంటే మొదటి లైన్లోనే ఎవరు చస్తారో చెప్పేస్తున్నారు. మధ్యలో ‘ది డ్రాప్’ అనే చిన్న నవల ఉందని మాత్రం తెలిసింది.

రెండూ చదివినవాళ్లు చెప్పండి: ‘జో కంట్రీ’ పక్కనపెట్టి ముందు ‘ది డ్రాప్’ చదవాలా?