ఒక్కసారే జరిగిన బలి, నిత్య యాజకత్వం: కాస్త వివరించగలరా?

మాది విజయవాడ, గుణదల. మొన్న ఆదివారం మా వదిన నాతో మా కాథలిక్కుల దివ్యబలిపూజకు వచ్చింది, వాళ్లు ప్రొటెస్టెంట్లు. ఫాదర్‌గారు అప్పాన్ని రెండు చేతులా పైకెత్తారు, గంట మోగింది. వదిన మెల్లగా, "క్రీస్తు ఒక్కసారే బలి అర్పించాడని హెబ్రీ 7:27లో ఉందిగా, మరి ఇదేంటి?" అంది.

ఇది కొత్త బలి కాదనీ, సిలువ మీద అర్పించినవాడే ఇక్కడా అర్పిస్తాడనీ, విధానమే వేరనీ 1562లో ట్రెంటు మహాసభ (కాథలిక్కు బిషప్పుల మహాసభ) చెప్పింది. అంతవరకు చెప్పాను. నాకే అంతుపట్టనిది ఇంకోటి ఉంది. పాత నిబంధనలో రాజూ యాజకుడూ అయిన మెల్కీసెదెకు క్రమంలో క్రీస్తు నిరంతర యాజకుడు, మనకోసం విజ్ఞాపన చేస్తూనే ఉన్నాడు (హెబ్రీ 7:25). 10:12లో మాత్రం బలి అర్పించి కూర్చున్నాడని ఉంది. మరి పరలోకంలో ఇప్పుడు ఉన్నది విజ్ఞాపన ఒక్కటేనా, ఆ అర్పణ కూడా తండ్రి ముందు నిత్యం నిలిచి ఉందా? వేదశాస్త్రం చదివినవాళ్లు దయచేసి వచనాలతో సహా చెప్పండి. వదినకు సరైన జవాబు ఇవ్వాలని నాకు చాలా ఉంది.