మారుమూల తీరంలో ఓడ చమురు ఒలికితే మొదటి రెండు రోజులు: ఉన్న కాస్త బూమ్ ఎక్కడ వేయాలి?

ప్రశ్న

మారుమూల తీరానికి చమురు తెట్టు ప్రణాళిక రాస్తున్నాం. ఊహించుకున్న ప్రమాదం ఇది. ఒడ్డుకు 12 నాటికల్ మైళ్ల దూరంలో సరుకు ఓడ దిబ్బకెక్కి 200 టన్నుల హెవీ ఫ్యూయల్ ఆయిల్ (ఓడ ఇంజన్లలో వాడే చిక్కటి చమురు) కారింది. తీరానికి ఒకటే మట్టిరోడ్డు, ఫోన్ సిగ్నల్ లేదు. చేతిలో ఉన్నవి 600 మీటర్ల బూమ్ (నీటిపై తేలుతూ చమురును ఆపే అడ్డుకట్ట), గంటకు 20 ఘనపు మీటర్లు తోడే బ్రష్ స్కిమ్మర్ (నీటి మీది చమురును తీసే యంత్రం) ఒకటి, 40 ఘనపు మీటర్లు పట్టే ట్యాంకులు. పెద్ద సాయం రావడానికి రెండు రోజులు. తీరంలో 200 మీటర్ల వెడల్పున్న కాలువ మొగ, దాని వెనక మడ అడవి, పక్కన పొడవాటి ఇసుక తీరం. బూమ్ ఓడ చుట్టూ వేయాలా, మొగ దగ్గరా?

జవాబు 1

ఓడ చుట్టూ వద్దండి. బయటి సముద్రపు అలకు చమురు బూమ్ మీంచి దూకిపోతుంది. ముందు సమయం లెక్కగట్టండి. తెట్టు నీటి ప్రవాహంతో పూర్తిగా, గాలి వేగంలో సుమారు 3 శాతంతో కదులుతుంది. ఒడ్డు వైపు 20 నాట్ల (నాటు అంటే గంటకు ఒక నాటికల్ మైలు) గాలి ఉంటే 0.6, అదే దిశలో ప్రవాహం 0.5, కలిపి 1.1 నాట్లు. 11 గంటల్లో ఒడ్డు చేరుతుంది. అంటే ఏది కాపాడాలో, ఏది వదులుకోవాలో ఈ రోజే రాసిపెట్టుకోవాలి. నా మాట మొగను కాపాడి, ఇసుక తీరాన్ని వదులుకోమని. ఇసుకను తర్వాత బాగుచేసుకోవచ్చు. మడ బురదలోకి దిగిన చమురు ఏళ్ల తరబడి ఉంటుంది, తీయడానికి మనుషులు దిగితే తొక్కిడికి ఇంకా లోతుకు పోతుంది.

అయితే మొగకు నిటారుగా అడ్డం వేస్తే నిలవదు. ప్రవాహం 0.7 నాట్లు దాటితే చమురు బూమ్ కిందనుంచి జారిపోతుంది. చెక్కముక్క వదిలి చూడండి, 10 మీటర్లు 28 సెకన్లలోపే వెళ్లిందంటే హద్దు దాటినట్టే. బూమ్ వెనక నీటిలో నల్లటి బొట్లు పైకి తేలుతుంటే అది ఓడిపోతున్న గుర్తు. 2 నాట్ల ప్రవాహంలో 20 డిగ్రీల ఏటవాలుగా వేయాలి. 200 మీటర్ల మొగకు దాదాపు 585 మీటర్లు పడుతుంది, వంపు కలిపితే మీ 600 చాలదు. ఇంకో 200 మీటర్లు ముందే అక్కడ నిల్వ ఉంచండి. ఏటవాలు చివర ప్రవాహం నెమ్మదించే ఒడ్డు చూసుకుని స్కిమ్మర్ అక్కడ పెట్టండి.

లంగర్లు రెండు వైపులా వేయాలి, ఆటు మొదలయ్యాక బూమ్ సముద్రం వైపు ఉబ్బుతుంది. 0.6 మీటర్ల స్కర్టు (నీటిలోకి వేలాడే భాగం) ఉన్న 100 మీటర్ల బూమ్ మీద అర నాటు ప్రవాహమే సుమారు 1,500 కిలోల బలం పెడుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. ప్రవాహాన్ని అమావాస్య, పౌర్ణమి పోట్లలోనే కొలవండి.

ప్రశ్న అడిగినవారు

స్కిమ్మర్ గంటకు 20 అయితే, 200 టన్నులు పది గంటల పనేనా?

జవాబు 2

కాదండి, ఇక్కడే చాలా ప్రణాళికలు దెబ్బతింటాయి. చమురు అలల్లో నీటిని పీల్చుకుని గోధుమరంగు ముద్దవుతుంది. నీరు 75 శాతానికి చేరితే మీ 200 టన్నులు 800 అవుతాయి. మీ ట్యాంకులు రెండు గంటల్లో నిండుతాయి, తర్వాత స్కిమ్మర్ ఖాళీగా నిలబడాల్సిందే. కొనాల్సింది ముందు నిల్వ సామర్థ్యం. పోటు గీత దాటి, తాగునీటి బావులకు దూరంగా గొయ్యి తవ్వి మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచే చోటుకు ఇప్పుడే అనుమతి తీసుకోండి. ట్యాంకులో అడుగున తేరుకున్న నీటిని బూమ్ లోపలికే వదలడానికీ అనుమతి ముందే ఉండాలి.

ఉన్న 11 గంటల్లో ఇసుక మీది కట్టెలు, నాచు పోటు గీత పైకి ఎత్తించండి. ఇప్పుడది మామూలు చెత్త, చమురు అంటితే ప్రమాదకర వ్యర్థం. తర్వాత చమురు అంటిన ఇసుక ఎత్తేటప్పుడు బస్తాలు 10–15 కిలోలకే కట్టండి, నిండుగా నింపితే మోస్తుండగా చిరుగుతాయి.

జవాబు 3

ఓడలో మిగిలిన చమురు మాటేమిటి? చమురును వేడిగా ఉంచే బాయిలర్ ఆగితే హెవీ ఫ్యూయల్ చిక్కబడి పంపుకు ఎక్కదు, బయటి నుంచి వేడి చేసే సరంజామా జాబితాలో ఉండాలి. 2020లో మారిషస్‌లో వకాషియో అనే ఓడ జులై 25న దిబ్బకెక్కితే, చమురు పెద్దయెత్తున కారింది ఆగస్టు 6 నుంచి. ఆ వ్యవధే ఖాళీ చేసే అవకాశం. అక్కడి జనం చెరకు ఆకు కుక్కి బూమ్‌లు కుట్టారు. చేయండి, కానీ అవన్నీ చివరికి వ్యర్థమే, గొయ్యి లెక్కలో కలపండి.

సిగ్నల్ లేదు కాబట్టి ఒక శాటిలైట్ ఫోన్, పడవలకూ ఒడ్డుకూ వేర్వేరు వీహెచ్ఎఫ్ రేడియో ఛానళ్లు పెట్టుకోండి. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారు, ఎన్ని బస్తాలు ఏ తీరం నుంచి వచ్చాయి అన్నది ఏ రోజుకారోజు రాయించండి. 2001 బంకర్ ఒప్పందం (ఓడ ఇంధన చమురు కాలుష్యానికి పరిహారం గురించిన అంతర్జాతీయ ఒప్పందం) వర్తించే చోట ఖర్చు ఓడ యజమాని భరించాలి, కానీ లెక్క చూపినదానికే.